ఓడ మీద మందుల కొట్టు

గురజాల బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు గోపీనాథ్‌ది. చుట్టుపక్కల పది ఊళ్ళకీ అతను మందుల గోపి. జ్వరమొచ్చిన పిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినట్టు, రైతులు చేలో తుంచిన మిరపాకు జేబులో పెట్టుకుని అతని దగ్గరికొస్తారు. కొట్టు పెట్టిన కొత్తలో ఆ ఆకుని వెలుతురులోకి పట్టి, భూతద్దంతో వెనకా ముందూ చూసి, "ఏ మందూ అక్కర్లేదు బాబాయ్, నాలుగు రోజులు నీళ్ళు కట్టమాక, సరిపోద్ది" అని ఉత్తచేతుల్తో పంపించిన రోజులున్నాయి. అలా వెళ్ళినవాళ్ళే తర్వాత పదిమందిని వెంటబెట్టుకొచ్చారు. అంటే, మంచిపేరు ఎలా వస్తుందో తెలియనివాడు కాదు. అన్నీ తెలిసి చేశాడు కాబట్టే ఇదంతా చెప్పాల్సి వస్తోంది.

పోయిన ఏడాది ఒక కంపెనీ వాళ్ళొచ్చి, తమ పైరు టానిక్కు సీసాల టార్గెట్ కొట్టిన డీలర్లని పెళ్ళాంబిడ్డలతో సహా కరీబియన్ సముద్రంలో ఓడ ఎక్కిస్తామన్నారు. కంపెనీ టూర్లు డీలర్లకి కొత్తేం కాదు. గోవా, బ్యాంకాక్ ఎప్పుడో అయిపోయాయి. ఇది మాత్రం అమెరికా దాకా విమానం, అక్కణ్ణించి ఏడు రోజులు ఓడ! గోపీనాథ్ ఆ ఓడ బొమ్మని ఐదేళ్ళ కూతురు రోహిణికి ఫోన్లో చూపించాడు. పైఅంతస్తులో నీళ్ళలో జారే జారుడుబండ ఉంది. ఇక ఆ పిల్ల ఊరుకుంటుందా? పొద్దున్నే లేవడం, "నాన్నా, ఓడెప్పుడు?" అనడం.

ఆ సీసాలో విషమూ లేదు, విశేషమూ లేదు. చల్లితే పైరు చావదు, పురుగూ చావదు. గోపీనాథ్ మాత్రం వచ్చిన ప్రతివాడికీ, ఏ తెగులుకైనా సరే, "ఇది కూడా తీసుకో, మంచిది" అని ఒక సీసా అంటగట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా ఆకు చూడ్డం కూడా మానేశాడు. చూస్తే నిజం చెప్పాల్సి వస్తుంది కదా.

డిసెంబరులో కోటేశ్వర్లు వచ్చాడు. సొంత ఊరివాడు, వరసకి బాబాయ్. సాగర్ కుడికాలవలో గోపీనాథ్‌కి ఈత నేర్పింది అతనే. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. పూలలో నల్ల తామర పురుగు పడింది. కాగితంలో చుట్టి తెచ్చిన ఆకులూ పూలూ బల్ల మీద పెట్టాడు. టార్గెట్‌కి ఇంకా కొంచెమే తక్కువుంది. గోపీనాథ్ ఆ పొట్లం విప్పనైనా లేదు. రెండు సీసాలు చేతిలో పెట్టి, "వారం ఆగు బాబాయ్, పట్టుద్ది" అన్నాడు.

కోటేశ్వర్లు నమ్మి వారం ఆగాడు. ఆ వారంలోనే పూతంతా రాలిపోయింది. అప్పుడే సరైన మందు పడితే సగం పంటైనా దక్కేది. ఆ సంగతి గోపీనాథ్‌కి తెలుసు, కోటేశ్వర్లుకి తెలియదు. "మా రాత అట్టా ఉంది అబ్బాయ్" అని మొక్కలు పీకేసి, పిడుగురాళ్ళ సున్నం బట్టీలో కూలికి పోయాడు. గోపీనాథ్ కూడా అవునవునని తలూపాడు.

మే నెలలో ఓడెక్కారు. గోపీనాథ్ భార్య వాసంతి, పాప పెరుగన్నం కోసమని చిన్న కరెంటు కుక్కర్ తీసుకెళితే, ఓడవాళ్ళు తీసుకుని చీటీ ఇచ్చారు, దిగేటప్పుడు ఇస్తామన్నారు. "నా కుక్కర్ ఏం చేసింది వాళ్ళని?" అని ఆవిడ మొదటి రోజంతా సణిగింది. పాపకి వాంతులయ్యాయి. రెండో రోజుకి తేరుకుని జారుడుబండ దగ్గర్నుంచి కదలనంది. చిన్నపిల్లల్ని ఆడించే గదిలో వదిలితే మాత్రం, అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ లేక ఏడ్చి బయటికొచ్చింది. అందుకని నాలుగో రోజు మధ్యాహ్నం డెక్కు మీద డీలర్ల మధ్యే కూచోబెట్టారు.

స్నానాలగదిలోంచి తెచ్చుకున్న చిన్న చిన్న షాంపూ సీసాలు కుర్చీ మీద వరసగా పెట్టి, పాప కొట్టు తెరిచింది. నరసరావుపేట డీలరు శ్రీమన్నారాయణ సరదా మనిషి. కాగితం రుమాలు మడిచి ఆకులాగా పట్టుకుని వచ్చాడు.

"అమ్మాయ్, నా మిరపకి ముడతొచ్చింది. ఏం చెయ్యమంటావ్?"

"ఇది కూడా తీసుకో తాతా, మంచిది" అని పాప ఒక సీసా ఇచ్చింది. "వారం ఆగు."

"ఏందమ్మా, ఆకు చూడవా?"

"మా నాన్న చూడడుగా!"

డెక్కంతా గొల్లుమంది. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. అందరూ టార్గెట్ కొట్టి వచ్చినవాళ్ళే. ఆ ఆట వాళ్ళందరికీ తెలుసు. గోపీనాథ్‌కి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎవరో తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాడు. కన్నబిడ్డ మెచ్చుకోలుగా చెబుతుంటే ఏమనగలడు? తండ్రిలాగా చేసి చూపించానని అది మురిసిపోతోంది.

అంతటితో పోలేదు. వాసంతి ఆ ముచ్చట వీడియో తీసి, "మా బుల్లి డీలరు" అని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. గోపీనాథ్‌కి తెలిసి తీయించేసేసరికి నలభైమంది చూసేశారు. ఆ పేర్లలో కోటేశ్వర్లు బాబాయ్ ఉన్నాడు.

"చిన్నపిల్ల ఆటకి ఇంత కంగారేందండీ?" అంది వాసంతి. మర్నాడు ఒక దీవిలో దిగారు. గాజులాంటి నీలం నీళ్ళు. పాప గోపీనాథ్ మెడ పట్టుకుని కేరింతలు కొడుతుంటే, అతను ఒడ్డున ఫోను పెట్టిన సంచీ వైపే చూస్తూ నిలబడ్డాడు. బాబాయ్ ఫోన్ చేస్తాడేమోనని భయం. చెయ్యకపోతే అంతకంటే భయం. కోటేశ్వర్లు చెయ్యలేదు.

గురజాల తిరిగొచ్చి వారమైనా సొంత ఊళ్ళోకి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. ఆదివారం పొద్దున ఇక ఉండబట్టలేక బండి తీశాడు. పాపని ముందు కూచోబెట్టుకున్నాడు. తాతకి చాక్లెట్లు ఇద్దువుగాని రా అన్నాడు. అసలు సంగతి అది కాదు. పసిబిడ్డ పక్కనుంటే బాబాయ్ నోరు పారేసుకోడని లెక్క. తన తప్పు ఒప్పుకోవడానికి కూడా పిల్ల చాటు వెతుక్కున్నాడు. దారి పొడుగునా ఆ సిగ్గు ఒకటి.

కోటేశ్వర్లు అరుగు మీద కూచుని, సున్నం తిన్న వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. పాపని చూడగానే ముఖం విప్పారింది. "ఓడెట్టా ఉందమ్మా?" అనడిగి, అది చెప్పిందంతా నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు.

"ఏమే చెన్నమ్మా, పాపకి జున్ను పెట్టు."

చెన్నమ్మ వచ్చి పాపని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. అరుగు మీద ఇద్దరే మిగిలారు.

"ఇప్పుడు చెప్పు అబ్బాయ్" అన్నాడు కోటేశ్వర్లు. ముఖంలో నవ్వు లేదు.

గోపీనాథ్ నేల చూస్తూ చెప్పాడు. "ఆకు చూళ్ళేదు బాబాయ్. దానికి ఆ సీసా పన్జెయ్యదని తెలుసు. ఓడ కోసం ఇచ్చా. నీ పంట నావల్లే పోయింది."

కోటేశ్వర్లు నూనె సీసాకి మూత బిగించి పక్కన పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాడు గోపీనాథ్. కొట్టినా బాగుండుననిపించింది.

"ఈ ఊళ్ళో ఇంకా ఎవురెవురికి ఇచ్చావ్?"

"చానామందికి."

"వాళ్ళకి చెప్పావా?"

గోపీనాథ్ తల అడ్డంగా ఊపాడు.

"అంటే, నాకొక్కడికి చెప్పి, నా చేత పోన్లే అనిపిచ్చుకుని, ఇంటికి పోయి నిద్ర పోదామనుకున్నావా? నేను అననురా. ముందు లేచి, ఇంటింటికీ పోయి చెప్పు. బెంజిమిన్ ఇంటి కాణ్ణించి మొదలుపెట్టు. ఆడు నాకంటే ఎక్కువ మిరపేశాడు."

గోపీనాథ్ లేచాడు. అలవాటుగా, "పాపా, రా పోదాం" అని లోపలికి పిలవబోయాడు.

"దాన్ని ఇక్కడుంచి పో" అన్నాడు కోటేశ్వర్లు. "నాకు కళ్ళు లేవనుకున్నావా? బిడ్డని అడ్డం పెట్టుకోమాక. నువ్వు తిట్లు తినేది అది చూడగూడదు."

అతను ఒక్కడే వీధిలోకొచ్చాడు. బెంజిమిన్ ఇల్లు నాలుగిళ్ళ అవతల. తలుపు తీసే ఉంది, లోపల ఎవరో అన్నం తింటున్న చప్పుడు. గోపీనాథ్ గుమ్మంలో నిలబడి, పిలవడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారికి మాట వచ్చింది.