పులుసు మరిగింది, చేప రాలేదు

ఇప్పుడు చెప్పబోయే ఘోరంలో తప్పంతా నాదే. చేప ఏం తింటుందో కనుక్కోకుండా దాని పులుసు పొయ్యి మీద పెట్టినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

దేశం కాని దేశంలో, విక్టోరియా కొండల్లో మేముండే ఊరికి దగ్గర ఒక సరస్సుంది. ట్రౌట్ కాడ్ అనే ఇక్కడి సొంత చేప అంతరించిపోయేలా ఉంటే, దాని పిల్లల్ని పెంచి ఏళ్ల తరబడి అందులో వదిలారు. అవి నిలదొక్కుకున్నాక, గాలం వేసుకోవచ్చని జనానికి అనుమతిచ్చారు. సరిగ్గా అదే వారం రాజోలు నుంచి మా మావగారు దిగారు.

"నా చేత్తో పట్టిన చేపతో మీకు పులుసు!" అని మాటిచ్చేశాను. అప్పటిదాకా నేను పట్టిన చేపలన్నీ సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లోవే.

ఎర మావగారిది. గోధుమపిండి, బెల్లం, నెయ్యి, ఏలకులు కలిపి ఉండలు చుట్టారు. "దీనికి లొంగని చేప గోదావరిలో లేదండి అల్లుడుగారూ!"

ఒడ్డున బార్బెక్యూ మీద చింతపండు పులుసు కుతకుతలాడుతోంది. ఆ వాసనకి మనుషులొచ్చారు, కుక్కలొచ్చాయి. చేప మాత్రం రాలేదు.

పక్కన గాలం వేసిన కెవిన్ అనే పెద్దాయన నా ఎర వాసన చూశాడు. "ఏంటి మేట్, ఇవాళ చేప పుట్టినరోజా?"

"మరి ఏం తింటుంది?"

"రొయ్యలు, పురుగులు, చిన్న చేపలు. కేకు తప్ప అన్నీ."

"ఏమంటున్నారండి ఆయన?" అన్నారు మావగారు.

"మీ ఎర అమోఘమట, మావయ్యగారూ."

కెవిన్ జాలిపడి ఒక మంచినీటి రొయ్య ఇచ్చాడు. కాసేపటికి గాలం వంగింది. వచ్చింది! ఒళ్లంతా మచ్చలు, కిందిదాని మీదకి వాలిన పైదవడ, అచ్చం నన్ను వెక్కిరిస్తున్న మొహం. మావగారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చారు. కెవిన్ కొలబద్ద పెట్టి పెదవి విరిచాడు.

"రూలుకి పొట్టిది మేట్. వదిలెయ్యాలి."

వదిలేశాను. మావగారి గరిటె గాల్లోనే ఉండిపోయింది.

సాయంత్రానికి రాజోలంతటికీ వీడియో కాల్. "మా అల్లుడుగారు పులుసు వండారండి, చేపకి సెలవిచ్చారండి!"

ఇకమీదట చేప భోజనం సంగతి తేలకుండా మనిషి భోజనానికి మాటివ్వనని ఆ సరస్సు సాక్షిగా ప్రమాణం చేశాను. చేశాను గాని, ఊరుకుంటానా?

మర్నాడు డబ్బాలో మిగిలిన ఎర ఉండల్ని దోరగా వేయించి టీతో పెట్టాను. మావగారు పళ్లెం ఖాళీ చేసి వేళ్లు నాకారు.

"భలే ఉన్నాయండి! ఎవరు చేశారండి?"

"మీరేనండి. నిన్న చేప వద్దంది."