ఎండలో పారేసిన రీలు

సోంబరు అరకు పైకొండ ఊళ్ళో కాఫీ పళ్ళ తొక్క తీసే మెషిన్లు బాగుచేస్తాడు. ఆ పని ఎవరూ నేర్పలేదు. విప్పి చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. బాగానే తిరుగుతోందని ఎవరు చెప్పినా నమ్మడు. తానే పిడి తిప్పి చెవి ఆనించి వింటాడు. మనుషుల దగ్గరా అంతే. కెమెరా పట్టుకొచ్చిన వాళ్ళనైతే గుమ్మంలోనే నిలబెడతాడు.

అందుకే కొయ్యూరు పిల్ల నిర్మల వచ్చి, "తాతా, డైరెక్టరు వరహాలరావు గారి మీద చిన్న బొమ్మల సినిమా తీస్తన్నాను. ఆయనతో పనిచేసినోళ్ళలో నువ్వే మిగిలావంట" అన్నప్పుడు చేతిలో స్పానర్ దించలేదు.

"నిన్నెవులు పంపారు?"

"ఎవులూ పంపలేదు. ఆయన సినిమా చూసే ఈ పనిలోకొచ్చాను."

"ఏటి లాభం నీకు?"

"ఏటీ లేదు."

"లాభం లేకుండా ఇంత కొండెక్కొచ్చావా? నాకు సెవుల్లో పువ్వులున్నాయా?"

నిర్మల సంచిలోంచి గాజుపలక తీసి దానిమీద గుప్పెడు సామలు పోసింది.

"కొత్తవా?" సోంబరు గొంతు మారింది.

"నిరుటివి తాతా. నాకు తెలీదేటి?"

వేలికొసతో గింజల్ని మనిషి ఆకారంగా సర్ది ఫోనుతో ఫొటో తీసింది. కాలు దగ్గర నాలుగు గింజలు జరిపి మళ్ళీ తీసింది. అలా ముప్పై ఫొటోలయ్యాక కలిపి చూపిస్తే గింజల మనిషి రెండడుగులు నడిచాడు.

"ఎడం కాలు ఈడుస్తన్నాడు" అన్నాడు సోంబరు.

"అవును. మళ్ళీ తీయాలి."

ఆ మాటకి సోంబరు స్పానర్ కింద పెట్టాడు.

నలభై ఏళ్ళ కిందట వరహాలరావు విజయనగరం వైపు నుంచి వచ్చాడు. కెమెరా స్టాండు మోసింది సోంబరే. మంచివాడని ఊరికి హామీ ఇచ్చిందీ సోంబరే. కొత్త పండగ చేసి అమ్మవారికి పెట్టనిదే కొండమీద ఎవరూ కొత్త గింజ నోట పెట్టరు. డైరెక్టరుకు అది తెలియదు. పంట పండి నిలబడింది, ఎండ బాగుంది. సోంబరు పెళ్ళాం సోములమ్మ చేత కొత్త సామలు వండించి, కెమెరా ముందు తినిపించాడు. తెలిసిన సోంబరు పక్కనే ఉండి నోరు విప్పలేదు. అంత పెద్ద మనిషికి ఎలా అడ్డు చెప్పడం? మొగుడే కాదనకపోయేసరికి సోములమ్మ తినేసింది.

ఊరు లేచింది. సోములమ్మ అన్న బుధు గొడ్డలి పట్టుకొచ్చాడు. మర్నాడు డైరెక్టరు అందరినీ పిలిచి, ఒక డబ్బాలోంచి రీలు లాగి ఎండలో పారేశాడు. వెలుగు సోకితే రీలు పాడైపోతుందని, నిన్నటి బొమ్మ ఇక లేదని అన్నాడు. పంతొమ్మిది రోజులు ఆగి, పండగయ్యాక ఆ తిండి బొమ్మ మళ్ళీ తీసి వెళ్ళిపోయాడు. ఆ సినిమా మాత్రం ఈ ఊరికి రాలేదు.

"ఆ డబ్బాలో నిన్నటి రీలే ఉందో, ఉత్తదే ఉందో ఎవుడు సూసాడు?" అని బుధు ఆ రోజే అన్నాడు. ఇప్పటికీ అంటాడు. సోంబరు పైకి కొట్టిపారేస్తాడు గాని, ఆ అనుమానం అతన్నీ వదల్లేదు. ఆ రీలు నిజంగా పోయిందా అని సోములమ్మ కూడా, ఆరేళ్ళ కిందట పోయేదాకా, అతన్ని అడుగుతూనే ఉంది.

నిర్మల ఫోనులో ఆ సినిమా పెట్టింది. సోంబరు ఎండ పడకుండా తువ్వాలు కప్పుకుని చూశాడు. ఇరవయ్యేళ్ళ సోములమ్మ ఆకు దొన్నెలోంచి తింటోంది. మొదటిసారి ఆమెనే చూశాడు. రెండోసారి ఆమె వెనకున్న చేను చూశాడు.

"సేను కోసేసుంది! ముందు తీసినప్పుడు పంట నడుమెత్తు ఉంది. ఇది పండగైనాక తీసిందే."

ఇద్దరూ బుధు అరుగు మీదికి వెళ్ళారు. బుధు ఫోనులో చెల్లెల్ని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నిర్మలని ఎగాదిగా చూశాడు.

"సేను కోసినట్టు ఈ గుంటే మార్సేసుంటే? ఇప్పుడు ఫోన్లలో సచ్చినోళ్ళ సేత కూడా మాటాడిత్తన్నారు కదేటి, బావా!"

సోంబరు నవ్వబోయి ఆగాడు. ఇందాక తన కళ్ళముందే గింజల్ని నడిపించిన పిల్ల ఇది. ఆమె ముఖంలోకి చూశాడు. ఫోను ఆమె చేతికిచ్చి అరుగు దిగాడు.

తిరిగొస్తూ అడిగాడు. "నీ బొమ్మల్లో ఏటేటి పెట్టావు?"

"సినిమావాళ్ళు చెప్పుకునే ఆ పంతొమ్మిది రోజుల ఎదురుచూపు. అందులో పదకొండో రోజు దాకా తీసేశాను."

"ముందు సేసిన తప్పు?"

"ఆయనంటే గౌరవం తాతా. అదెలా పెట్టను?"

"అయితే నా మాట నీకు దొరకదు. ఎక్కడిరిగిందో సెప్పకుండా మెషిన్ బాగుసేసానంటే ఎవుడు నమ్ముతాడు? తప్పు సూపించు. పక్కన నన్నూ నిలబెట్టు, నోరు మూసుకుని. మా తప్పు మేమే ఒప్పుకుంటే, మిగతాది ఆ బుధు ఇంటాడేమో."

నిర్మల దారి పక్క రాతిమీద కూర్చుంది. గాజుపలక ఒళ్ళో పెట్టుకుని గింజలు పోసి, డైరెక్టరు పక్కన నోరు లేని మనిషినొకణ్ణి పేర్చింది.

"ఆయన ఆ రీలు డబ్బా ఎలా తెరిచారు తాతా?"

సోంబరు కళ్ళు మూసుకున్నాడు.

"మూతకి అంటించిన పట్టీ ఊడలేదు. పళ్ళతో పీకాడు."