ఓటు లేని అధ్యక్షుడు

ఓటు లేని మనిషికి ఇంత రాజకీయం దేనికని లింబాద్రిని అడిగినవాళ్లు లేకపోలేదు. అడిగి తిట్లు తిన్నారు. నిజామాబాద్ వైపు పల్లె అతనిది. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఐకాడ్ లేబర్ క్యాంపులో ఉంటూ స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్‌గా పనిచేస్తాడు. ఊళ్లో ఓటేసి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. అయినా పెట్టెలో ఇస్త్రీ మడతలతో పార్టీ కండువా, జేబులో విజిటింగ్ కార్డు. గల్ఫ్ విభాగం, మండల అధ్యక్షుడు. ఆ కార్డు చూసి ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, కూడా నవ్వాడట. నవ్వితే నవ్వనీ, వాడికేం తెలుసన్నాడు లింబాద్రి.

అతని పెత్తనమంతా ఫోన్లోనే. పోలింగుకు ముందు రోజు సాయంత్రం డ్యూటీ దిగాక మండలం వాళ్లంతా మెస్ హాల్లో చేరాలి. ఒక్కొక్కరూ స్పీకర్ పెట్టి, లింబాద్రి వింటుండగా ఇంటికి ఫోన్ చేసి ఫలానా గుర్తుకు వెయ్యమని చెప్పాలి. అవతల నుంచి సరే అని వినపడితే అధ్యక్షుడు తలూపుతాడు. క్యాంపులో దీనికి ఫోన్ ఓటు అని పేరు. దుబాయ్ నుంచి ఇల్లు గడిపేవాడి మాట ఇంట్లో చెల్లుతుందని, గల్ఫ్‌లో ఉన్న ప్రతివాడూ నాలుగైదు ఓట్ల ఆసామి అని ఎమ్మెల్యే మనుషుల నమ్మకం. కిందటిసారి ఊరి బూత్‌లో అవతలి పార్టీకి అడ్రసు లేదు. ఎమ్మెల్యే స్వయంగా వీడియో కాల్ చేసి “లింబాద్రన్నా” అని పిలిచాడు. పాపం, ఆ ఒక్క పిలుపు చాలా కాలం లింబాద్రికి కడుపు నింపింది.

2023లో ఎండలు ఇంకా తగ్గకముందే అతని చెల్లెలు గంగామణి భర్త మల్లేశ్ క్యాంపు నల్లాల దగ్గర బట్టలు పిండుతూ పడిపోయాడు. అతన్ని ఇక్కడికి తెచ్చింది లింబాద్రే. మెదడులో నరం చిట్లిందన్నారు. అబుదాబిలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఊపిరి మెషీన్ తీశాక కళ్లు తెరిచాడు గానీ మాట లేదు, కుడి పక్క పడిపోయింది. కొన్నాళ్లకు డాక్టరు లింబాద్రిని పిలిచి, తాము చెయ్యగలిగింది చేశామని, ఇప్పుడైతే ప్రయాణానికి తట్టుకుంటాడని, ఆలస్యం చెయ్యకుండా ఇంటికి తీసుకెళ్లమని చెప్పాడు. సొంతవాళ్ల గొంతు వింటే కొంతైనా తేరుకోవచ్చన్నాడు.

గంగామణి రోజూ ఫోన్ చేసేది.

“ఆయన్ను ఇంటికి పంపియ్యి అన్నా. కండ్లతోని నన్ను ఒక్కసారి జూస్తే సాలు.”

పంపడం అంత తేలిక కాదు. విమానంలో సీట్లు మడిచి స్ట్రెచర్ వెయ్యాలి, పక్కన నర్సు ఉండాలి, హైదరాబాదులో దిగేసరికి ఆసుపత్రిలో మంచం సిద్ధంగా ఉండాలి. ఎమ్మెల్యే చిటికేస్తే అవుతుందని లింబాద్రి నమ్మాడు. ఎమ్మెల్యే ఫోన్‌కు దొరకలేదు. పి.ఏ. దొరికి, చూద్దాం చూద్దాం అన్నాడు.

ఈలోగా యాసీన్ వచ్చాడు. అతనిదీ అదే మండలం. ముసఫ్ఫా నుంచి అబుదాబికి మనుషులను కారులో తిప్పుతాడు. అవతలి పార్టీ గల్ఫ్ విభాగం వాడు, లింబాద్రికి కంట్లో నలుసు. ఎవరూ అడక్కుండానే ఎక్కడెక్కడో తిరిగి, స్ట్రెచర్ సీట్లు, కేరళ నర్సు, హైదరాబాదులో మంచం అన్నీ మాట్లాడేసి, వచ్చే మంగళవారం పోదామని చెప్పడానికి ఆసుపత్రికి వచ్చాడు.

ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. లింబాద్రి మొహం మాత్రం నల్లబడింది. ఎలక్షన్ నెలరోజుల్లో ఉంది. అధ్యక్షుడి సొంత బావ అవతలి పార్టీ జెండాల మధ్య విమానం దిగితే? ఆ ఫొటో ఊరంతా తిరిగితే? వరండాలోకి వెళ్లి పి.ఏ.కి ఫోన్ చేశాడు. ఈసారి పి.ఏ. వెంటనే ఎత్తాడు. ఎట్టి పరిస్థితుల్లో వాళ్లకు ఇవ్వొద్దన్నాడు. ఇప్పుడు ఎలక్షన్ కోడ్ ఉందట, గెలిచిన మర్నాడు సారే ఎయిర్‌పోర్టుకు వచ్చి దింపుకుంటాడట.

లింబాద్రి లోపలికి వచ్చి, ఖలాస్, మావాడిని మేం చూసుకుంటామన్నాడు. యాసీన్ కొంచెంసేపు మంచం మీద మల్లేశ్‌నే చూశాడు.

“కండువా జేబుల వెట్టుకుంట లింబన్నా. ఫొటో గూడ దిగ. మనిషిని పోనియ్యి.”

అంతమాటన్నా వినలేదు. ఎంత మొండి మనిషండీ! చెల్లెలికి ఫోన్ చేసి, డాక్టర్లు ఆగమన్నారని, నెల రోజులు ఓపిక పట్టమని చెప్పాడు. పచ్చి అబద్ధం. తోడబుట్టినవాడి మాట గనక ఆమె నమ్మింది.

పోలింగు ఇంకా వారముందనగా మల్లేశ్‌కు ఊపిరితిత్తులు చెడ్డాయి. మళ్లీ మెషీన్ పెట్టారు. ఇక కదపడానికి వీల్లేదన్నాడు డాక్టరు. లింబాద్రి ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు. సారు గెలిస్తే పెద్ద డాక్టర్లను పంపిస్తాడు, ఏదో ఒకటి అవుతుంది, ముందు సారు గెలవాలి అనుకున్నాడు. అలా అనుకుంటే గానీ అతనికి ఆ వారం గడవలేదు.

ఫోన్ ఓటు ఎప్పటిలాగే జరిగింది. అందరి ఇళ్ల నుంచీ సరే వినపడింది. చివర్న లింబాద్రి తన చెల్లెలికి, పదిమందీ వినేలా స్పీకర్ పెట్టి చేశాడు. గంగామణి కూడా సరే అంది.

లెక్కింపు ఆదివారం వచ్చింది. ముందు రోజు ఎమిరేట్స్ జాతీయ దినం కాబట్టి గేటుకు కట్టిన జెండాలు ఇంకా విప్పలేదు. లింబాద్రి తెల్లారకముందే లడ్డూల డబ్బా తెచ్చి మెస్ బల్ల మీద పెట్టాడు. చాయ్ రెండోసారి కాచేసరికే సంగతి తేలిపోయింది. రాష్ట్రమే తిరగబడింది, ఎమ్మెల్యే ప్రతి రౌండ్లోనూ వెనకే. చదువుకున్న పిల్లలు ముంచారని, టౌన్ ఓట్లు ముంచాయని, ఊళ్లు మాత్రం మనవేనని లింబాద్రి వాదిస్తూనే ఉన్నాడు. అప్పుడు ఊరి బూత్ ఏజెంటు వాయిస్ మెసేజ్ వచ్చింది.

“గల్ఫోళ్ల ఇండ్లన్నీ ఒక్కమాట మీద అటు వోయినయన్నా. మన వాడకట్టు గూడ మనకు పడలే.”

హాల్లో అందరూ విన్నారు. స్పీకర్ పెట్టి ఫోన్ ఓటు వేయించినవాళ్లే అందరూ. అందరూ ప్లేట్లలోకి చూస్తున్నారు. ఆ సాయంత్రం సరే అనిపించి, తర్వాత స్నానాల గదుల వెనక్కి వెళ్లి, మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండని మళ్లీ ఫోన్ చేశారని లింబాద్రికి అప్పుడు అర్థమైంది. పి.ఏ. ఫోన్ స్విచాఫ్. చెల్లెలికి చేశాడు.

ఎవరికి వేశావని అడిగాడు. గంగామణి దాచలేదు. కాన్వాసింగు రోజుల్లో యాసీన్ తల్లి ఇంటికొచ్చిందట. ఓటు మాటే ఎత్తలేదట. మావాడు విమానంలో మంచం కూడా మాట్లాడాడు కదా బిడ్డా, మీ ఆయన ఇంకా రాలేదేం అని అడిగిందట. ఆ ముసలామె అడిగిన మాటను గంగామణే మొగుడు దుబాయ్‌లో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పింది. రేపు మీ మనిషి పడిపోయినా ఇంతే అంది.

“నీ మాట విని ఆయన్ను ఆడ ఉంచిన. ఓటు గూడ నీ మాట వినే ఎయ్యాల్నా అన్నా?”

ఆమె గొంతు కొంచెం మెత్తబడింది.

“పోనీ. మీ సారు ఓడిపాయె, ఇంక అడ్డమెవరున్నరు? ఇప్పుడన్న పంపియ్యి.”

“డాక్టర్లు ఆగమన్నరు చెల్లే” అన్నాడు లింబాద్రి.

ఈసారి అది నిజం. గంగామణి ఫోన్ పెట్టేసింది.

జనవరిలో మల్లేశ్ పెట్టెలో వెళ్లాడు. కాగితాలన్నీ యాసీనే తిరిగి చేయించాడు, మెడలో కండువా లేకుండా. లింబాద్రి సెలవు అడిగి బ్యాగు సర్దుకున్నాడు గానీ, వాడు నా వాకిట్లోకి రావద్దని గంగామణి కబురు పెట్టింది. సర్దిన బ్యాగు అలాగే మంచం కిందికి తోశాడు.

అతనింకా ఐకాడ్‌లోనే ఉన్నాడు. మొన్నటి పంచాయతీ ఎన్నికలప్పుడు ఇంకెవరో అధ్యక్షుడై మెస్‌లో ఫోన్ ఓటు పెట్టించాడు. లింబాద్రిని కూడా పిలిచి, ఇంటికి చెయ్యి పెద్దమనిషీ అన్నాడు. లింబాద్రి స్పీకర్ పెట్టి చెల్లెలి నంబరు కొట్టాడు. అది మోగి మోగి ఆగిపోయేదాకా హాల్లో అందరూ విన్నారు.