అమ్మ పిడికిలిలోని గుడ్డ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఆవులింతలు వచ్చేవి. ధర్మపురి బజారులో గిన్నెల అంగడి నడిపేదాన్ని, దేన్నయినా తట్టి చూడందే నమ్మను. ఇదొక్కటి మాత్రం ఎంత తట్టినా ఓటిమోత వినిపించడం లేదు.

పక్షవాతం వచ్చాక అమ్మకు మాట పోయింది. కుడిచెయ్యి పిడికిలిగా బిగుసుకుపోయింది. రోజూ పొద్దున నూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, గోళ్ళు గుచ్చుకోకుండా నా పాతచీర చీలిక ఒకటి అరచేతిలో పెడతాను. అమ్మ, వంట, అంగడి. ఒళ్ళు హూనమైపోయింది. సాయంత్రమైతే నాకు జ్వరం తగిలేది. ఆ చెయ్యి ఒక్కసారి దానంతటది తెరుచుకుంటే చాలు, ఇంకేమీ వద్దని మొక్కుకునేదాన్ని.

ఒక ఆదివారం తమ్ముడు కారు తెచ్చాడు. "ఎంతసేపూ ఇంట్లోనేనాక్కా? రా, కళ్ళిచెట్ల తోట చూసొద్దాం" అని మమ్మల్ని ఊరవతల ఎడారి మొక్కల తోటకు తీసుకుపోయాడు.

రాళ్ళ మధ్య నాగజెముడు, బొంతజెముడు, పేరు తెలియని ముళ్ళబంతులు. చుట్టూ ఇనుపకంచె. నీళ్ళు లేకుండా బతికే ఆ మొక్కలు నాకు చుట్టాల్లాగే కనిపించాయి. అమ్మ చక్రాల కుర్చీని నీడలో ఆపి, పక్కనే బెంచీ మీద కూర్చోగానే నాకు కునుకు పట్టింది.

లేచి చూస్తే అమ్మ పిడికిలిలో నా చీరగుడ్డ లేదు. వేళ్ళు ఎప్పటిలాగే బిగిసి ఉన్నాయి. గుడ్డ కంచెకు అవతల, చెయ్యి చాచినా అందనంత దూరంలో, నాగజెముడుకు కట్టి ఉంది.

మా ఇంటి ఆడవాళ్ళకు ఒక వాడుక ఉంది. ఎవరికైనా జబ్బు తగ్గకపోతే, వాళ్ళు కట్టి విడిచిన బట్టలో చీలిక చించి ముళ్ళచెట్టుకు కడతారు. ముల్లు దాటి జబ్బు మళ్ళీ రాదని నమ్మకం. కొసను లోపలికి దోపిన ఆ ముడి అమ్మదే. రెండు చేతులూ ఆడితేగానీ పడదు.

"నువ్వా కట్టింది?" అని తమ్ముణ్ణి అడిగాను.

"నాకా ముడి యాడొస్తుందిక్కా? నువ్వు నిద్రపోయినంతసేపూ అమ్మ పక్కనే ఉండాను. ఎవురూ రాలేదు." వాడి ముఖం పాలిపోయింది.

అమ్మ చేతి మీద ఒక్క గీత కూడా లేదు. "మా, నువ్వేనా?" అన్నాను. అమ్మ ఎడమచెయ్యి ఎత్తి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నా నుదురు తడిమింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రం నాకు జ్వరం రాలేదు. ఆ కాస్త నిద్ర వల్లే కావచ్చు. గుడ్డ అక్కడికి ఎలా పోయిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. పిడికిలి మళ్ళీ తెరుచుకోలేదు. పొద్దున్నే నూనె రాసి నేనే విప్పుతున్నాను.

ఒక్కసారి తెరుచుకుంటే చాలని మొక్కాను. తెరుచుకునే ఉంటుంది. ఆ ఒక్కసారినీ అమ్మ నాకోసం వాడేసింది.