బావ పెట్టుకోని పట్టీ

మా బావకి సిగ్గెక్కువ. హోటల్లో తినేదాంట్లో వెంట్రుక కనబడితే ఎవరూ చూడకుండా పక్కకి తీసి, మిగిలింది తినేస్తాడు. రద్దీలో ఎవరైనా తన కాలు తొక్కితే తనే "సారీ అండీ" అంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీరుస్తుంటానని మా అక్క అంటుంది. అది మెచ్చుకోలేమీ కాదు.

అతను బస్సు డ్రైవరు. "ఇలాంటి మనిషి చేతికి అంత బండి ఎలా అప్పగించారే?" అని అక్క పెళ్లయిన కొత్తలో ఏడిపించేదాన్ని. ఓసారి ఆ బస్సెక్కాను. ఒక ముసలాయన చేతిలో నిండు టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. స్టాపు వచ్చింది, బండి ఆగింది, టీ తొణకలేదు. డిపోలో బావని అందరూ వెన్నపూస అని పిలిచేది అందుకే. స్టీరింగ్ ముందు కూర్చున్నాడంటే ఆ సిగ్గు ఎటు పోతుందో పోతుంది. వెన్ను నిటారుగా నిలుస్తుంది. అద్దంలో వెనక్కి చూసే చూపులో కాస్త దర్జా కూడా ఉంటుంది. ఆ సీటు దిగితే మళ్లీ మామూలే.

ఆ సీటు అతనికి ఊరికే రాలేదు. డిపోలో బస్సులు కడిగే పనితో మొదలుపెట్టాడు. చలిలో గొట్టం పట్టుకుని నీళ్లు కొట్టీ కొట్టీ కాలివేళ్లు ఒరిసిపోయేవట. కడిగిన బండిని షెడ్డులోంచి బయటికి జరపడం నేర్చుకున్నాడు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాత ఎన్నేళ్లకో సీటు. అతనికి నేర్పింది అదే డిపోలోని పెద్ద డ్రైవరు. ఆ పెద్దాయన ఓ రోజు స్టాపులో బండి ఆపి, అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. గుండె లయ తప్పిందన్నారు. ప్రాణం దక్కింది గానీ సీటు దక్కలేదు. తీసుకెళ్లి కడిగే షెడ్డులో వేశారు. అప్పట్నుంచి బావ బండి లోపలికి తెచ్చినప్పుడల్లా గురువుగారు గొట్టం పట్టుకుని ఎదురొచ్చేవాడు. బావ ఆయన ముఖంలోకి చూడలేకపోయేవాడు. తనకీ మధ్యమధ్య ఛాతీలో దడదడమంటోందని, రేపో మాపో ఆ గొట్టం తన చేతికే వస్తుందని లోపల్లోపల కుమిలిపోతున్నాడు. ఈ ముక్క భార్యకి కూడా చెప్పలేదు మహానుభావుడు.

అలాంటి సమయంలో గుండెజబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు డిపోకి వచ్చారు. గంటల తరబడి కూర్చుని పనిచేసేవాళ్లలో, వాళ్లకే తెలియకుండా గుండె లయ తప్పుతోందా అని చూడటం వాళ్ల ఉద్దేశం. డాక్టరమ్మ తర్వాత నాకూ వివరంగా చెప్పింది. కొందరిలో గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోవడం మానేసి కాసేపు వణుకుతాయట. మనిషికి ఏమీ తెలియదు. దానంతటదే సర్దుకుంటుంది కూడా. కానీ ఆ వణుకులో రక్తం కదలక నిలిచి, చిన్న గడ్డ కట్టి, అది మెదడుకి చేరిందంటే పక్షవాతమే. ఆసుపత్రికెళ్లి ఈసీజీ తీయించుకుంటే ఆ సమయానికి గుండె బుద్ధిమంతురాలిలా ఉంటుంది, దొరకదు. అందుకని ఛాతీకి అంటించే పట్టీ వచ్చింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. రెండు వారాలు ఒంటిమీదే ఉంచుకుంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ గుర్తు పెట్టుకుంటుంది. మధ్యలో ఒక బొత్తాం ఉంటుంది, ఒంట్లో తేడాగా అనిపిస్తే నొక్కాలి.

"ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చు. ఫలితం మీకే చెబుతాం, డిపో వాళ్లకి చెప్పం" అని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పిందట. బావ చెవికి ఎక్కితేగా! వద్దని చెప్పొచ్చు. అందరూ వరసలో నిలబడి సరేనంటుంటే తనొక్కడూ వద్దనడానికి సిగ్గేసింది. సరేనన్నాడు. ఇంటికెళ్లి స్నానం చేసి అంటించుకోమని పట్టీ చేతికిచ్చారు.

దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, మా అక్కతో ఏమన్నాడో వినండి.

"ఇదిగో, గుండె పరీక్ష. నీ కోసమే అడిగి తెచ్చాను."

మా అక్క గుండె అయితే రాయి అని అతని నమ్మకం. నిజానికి మా అందరి నమ్మకమూ అదే. తను వంటపని చేసే హాస్టల్లో ఇద్దరు మగాళ్లు పట్టే గిన్నె ఒక్కతే పొయ్యి మీంచి దించుతుంది. మోకాళ్లు నొప్పులంటూ మందుల షాపులో మాత్రలు కొని మింగడమే తప్ప, జ్వరమొచ్చినా పడుకోదు. ఆ రాతిగుండె కొట్టుకోవడం తన పేరున పంపేస్తే తన సీటుకి ఢోకా ఉండదని బావ లెక్క.

అక్క సంబరం ఏం చెప్పమంటారు! పెళ్లయిన ఇన్నేళ్లలో, నీకెలా ఉంది అని అడిగిన పాపాన పోలేదాయన. అలాంటిది ఏకంగా గుండె పరీక్షే పట్టుకొచ్చాడాయె. వీధంతా టాంటాం వేసింది. పైవాటా ఆవిణ్ని పిలిచి మెడ దగ్గర బట్ట కాస్త పక్కకి జరిపి మరీ చూపించింది. "ఇదెలా పనిచేస్తుంది వదినా?" అని ఎవరడిగినా కాలింగ్ బెల్లు నొక్కినట్టు ఆ బొత్తాం నొక్కి చూపించేది. నాకైతే రోజుకోసారైనా చూపించింది.

"మీ బావ పైకి చెప్పరు గానీ నేనంటే ప్రాణమే" అంది ఓసారి, నేను బట్టలు కుట్టుకుంటుంటే మిషను పక్కన కూర్చుని. నేను ముఖం తిప్పుకుని నవ్వుకున్నాను. అయినా నాకూ ముచ్చటేసింది.

పట్టీ వెనక్కి వెళ్లింది. కొన్నాళ్లకి డాక్టరమ్మ బావని పిలిపించింది. లయ తప్పుతోంది, ఒకటికి పదిసార్లు తప్పింది, ఎక్కువసేపు తప్పింది అని చెప్పింది. "మీరు ఇన్నిసార్లు బొత్తాం నొక్కారు కదా, అప్పుడు ఏమనిపించింది?" అని అడిగింది. గుండె తనది కాదని అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. అబద్ధమాడిన మనిషిగా ఆవిడ ముందు నిలబడటానికి సిగ్గు. అతని రక్తమే పరీక్ష చేసి, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు అతనికే రాసిచ్చింది ఆవిడ. "దీనికి బండి మానక్కర్లేదు. మీకు కళ్లు తిరగడం లేదు కదా, నడుపుకోండి" అని కూడా అంది. దేనికి భయపడి ఇంత నాటకం ఆడాడో, ఆ భయమే ఉత్తిదని తేలిపోయింది. ఇంటికొచ్చి ఆ మాత్రలు అక్క చేతిలో పెట్టి "బలానికి" అన్నాడు. మందు అందుతోంది కదా, ఇంక గొడవ లేదు అనుకున్నాడు. సిగ్గు ఎక్కువైతే మనిషికి బుర్ర కూడా పనిచేయదు కాబోలు.

నెల తిరక్కుండా అక్క బట్టలు కుట్టించుకోవడానికి నా దగ్గరికొచ్చింది. చెయ్యెత్తమని కొలత తీస్తున్నాను. జబ్బ మీద ఇంత నల్లటి కమిలిన మచ్చ. రెండో చేతిమీద ఇంకోటి. నడుము దగ్గర టేపు చుట్టబోతే అక్కడా ఒకటి.

"ఏంటక్కా ఇది?"

"ఏమోనే, దేనికైనా తగిలిందేమో. ఈ మధ్య పళ్లు తోముకుంటే కూడా రక్తం వస్తోంది."

మా అక్క ఏడుపు దాచుకునే మనిషి. ఇంకేముంది, బావ కొడుతున్నాడు అనుకున్నాను. టేపు మెడలో వేలాడుతుండగానే డిపోకి పరిగెత్తాను.

బావ అప్పుడే బండి కడిగే షెడ్డు ముందు ఆపి దిగుతున్నాడు. పక్కన డ్రైవర్లు టీ తాగుతున్నారు.

"ఏం బావా! బస్సుకైతే మెత్తగా బ్రేకులేస్తావు, ఇంట్లో చెయ్యి ఆగడం లేదా? మా అక్క ఒళ్లంతా కమిలిపోయి ఉంది. నువ్వు మనిషివేనా?"

టీ తాగేవాళ్లంతా ఇటు తిరిగారు.

"నేను కొట్టలేదు."

"మరెవరు కొట్టారు, గోడా?"

పెద్దాయన గొట్టం నీళ్లు కట్టేశాడు. నాకైతే ఒళ్లు తెలియని కోపం. బావ నా వంక చూడలేదు, పెద్దాయన చేతిలో గొట్టం వైపే చూస్తూ అన్నాడు.

"మాత్రల వల్ల అయ్యుంటుంది. నా పేరున ఇచ్చినవి. తనకి వేస్తున్నాను."

"నీ మాత్రలు అక్కకెందుకు వేస్తావు?"

"పట్టీ నేను పెట్టుకోలేదు. తనకి పెట్టాను. జబ్బు తనది." గొంతు తగ్గింది. "నాకుందని తేలితే ఈ షెడ్డులో వేస్తారని భయపడ్డాను."

ఎవరి ఎదుట అన్నాడు? సరిగ్గా ఆ షెడ్డులో వేసిన మనిషి ఎదుట. నా తల కొట్టేసినట్టయింది. కొట్టాడని పదిమందిలో అరిచినందుకు కొంత, అరిచిన దానికంటే పెద్దదే బయటపడ్డందుకు ఇంకొంత. పెద్దాయన గొట్టం కింద పెట్టి, తడిచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నువ్వు చేసింది చేతకాని పనేం కాదురా, చెయ్యకూడని పని. ముందు ఆ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లు. పో."

అక్కని తీసుకుని ముగ్గురం వెళ్లాం. దారిలో అక్కకి ఎవరం ఏమీ చెప్పలేదు. ఏదో మళ్లీ పరీక్ష అనుకుంది పిచ్చిది. మంచి చెప్పులు కూడా వేసుకుంది. డాక్టరమ్మ మచ్చలు చూసింది, ఏమేం మాత్రలు వేసుకుంటున్నారని అడిగింది. అక్క సంచీలోంచి మోకాళ్ల మాత్రలూ 'బలం' మాత్రలూ రెండూ తీసి బల్ల మీద పెట్టింది. వాటిని పక్కపక్కన చూసేసరికి డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"ఈ రెండూ కలిపి వేసుకుంటే కడుపులో రక్తం కారొచ్చు తెలుసా? ఇవి మీకెవరిచ్చారు? మీకు గుండె పరీక్ష ఎప్పుడు చేశాం?"

"పట్టీ పెట్టారు కదండీ" అంది అక్క, కాస్త గర్వంగానే. "మా ఆయనే నా కోసం అడిగి తెచ్చారు."

డాక్టరమ్మ బావ వైపు తిరిగింది. నేను కిటికీ వైపు తిరిగాను. అతని కోసం నాకే సిగ్గేసింది, ఆ ముఖం చూడలేకపోయాను.

"నీ కోసం కాదు" అన్నాడు బావ. డాక్టరమ్మకి కాదు, అక్కకే చెప్పాడు. "నాకు భయమేసి నీకు అంటించాను. నీకేమీ ఉండదనుకున్నాను. అడిగి తెచ్చానని అబద్ధం చెప్పాను."

అక్క మెడ దగ్గర బట్ట సర్దుకుంది, అంతే.

డాక్టరమ్మ కేకలేయలేదు. వేసినా బాగుండేది. మీ ఫలితం ఈ పరిశోధనలోంచి తీసేయాలి అంది. "ముందే పట్టుకుని మందిస్తే పక్షవాతాలు ఎంతవరకు తగ్గుతాయన్నది ఇంకా తేలలేదండీ. అది తేల్చడానికే ఇంతమందిని అడుగుతున్నాం. ఒకరి గుండె ఇంకొకరి పేరున వస్తే, రేపు ఎవరికి మందివ్వాలో తప్పు చెబుతాం" అంది. బావ తలొంచుకుని విన్నాడు. అక్క రక్తం పరీక్షకి పంపి, మోకాళ్ల మాత్రలు మాన్పించి, అక్క ఒంటికి తగ్గట్టు మందు మార్చి ఇచ్చింది. సమయానికి వచ్చారు అంది. బావకి కూడా కొత్త పట్టీ అంటించింది, ఈసారి తన చేత్తో. అది తిరిగొచ్చాక తేలిందేమిటంటే బావ గుండె గడియారంలా కొట్టుకుంటోంది. ఆ దడదడంతా భయమేనట.

మచ్చలు తగ్గాయి. అక్క మళ్లీ పనిలోకి వెళ్తోంది. హాస్టల్లో పెద్ద గిన్నెలు మాత్రం దించనివ్వడం లేదు. ఇంట్లో బావ టీ పెట్టి ఇస్తే తాగుతుంది, అడిగితే జవాబిస్తుంది. అంతకు మించి లేదు.

మొన్న పైవాటా ఆవిడ మెట్ల దగ్గర ఆపి అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను. బావ అక్క మందుల సంచీ పట్టుకుని వెనకాలే వస్తున్నాడు.

"జబ్బు ముందే కనిపెట్టారటగా వదినా?"

"మా ఆయనే" అంది అక్క. "అడిగి మరీ పట్టీ తెచ్చి పెట్టారు. ఆయనే గనక పట్టించుకోకపోతే ఈపాటికి నేను మంచం పట్టి ఉండేదాన్ని."

"అదృష్టవంతురాలివి" అని ఆవిడ బావని చూసి మెచ్చుకోలుగా నవ్వింది.

బావ సంచీ చేతులు మార్చుకున్నాడు. నోట్లో నాలుక లేని ఆ మనిషి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు. "కాదండీ, అసలు జరిగింది..."

"మీరూరుకోండి" అంది అక్క.

ఆవిడ పైకి వెళ్లిపోయాక, తలుపు తాళం తీస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"నిజం చెప్పుకుంటే మీ మనసు తేలికవుతుంది, నాకు తెలుసు. నా మొగుడు నా గురించి ఆలోచించాడని నలుగురికీ చెప్పుకున్నాను. నాకున్నది ఆ మాటొక్కటే. దాన్ని కూడా తీసేయకండి."

తలుపు తెరిచి లోపలికి వెళ్లింది. బావ సంచీ పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.