మూడో అంతస్తులో ఉంటారండి

నేను సినిమాలకు మాటలు రాస్తాను. పదహారేళ్లుగా అదే పని. ఎవరెవరో తెర మీద పలకడానికి ఎన్ని మాటలు రాశానో లెక్కలేదు గానీ, ఒక మూడు వాక్యాలు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నాకు అన్నం సహించదు. అవి ఏ సినిమాలోనూ లేవు. ఒక క్రెడిట్ కార్డు కోసం, జూబ్లీహిల్స్‌లో ఒక వాచ్‌మన్ చేత చెప్పించడానికి రాసినవి.

ముందు ఆ కార్డు సంగతి చెప్పాలి. అది అడిగితే ఇచ్చేది కాదు, బ్యాంకే మనల్ని పిలవాలి. ప్లాస్టిక్ కాదు, లోహం. కథా చర్చల్లో ఉన్నప్పుడు మధ్యాహ్నం అందరం కలిసి బయట భోజనానికి వెళ్లేవాళ్లం. బిల్లు రాగానే మా డైరెక్టరు ఆ కార్డు తీసి ట్రేలో పడేసేవాడు. టంగుమనేది. ఆ చప్పుడుకు వెయిటరు నడుము దానంతటదే వంగేది. డైరెక్టరు నాకంటే పన్నెండేళ్లు చిన్న. వాడు రాసుకొచ్చే సీన్లు నేను మళ్లీ మొదటినుంచీ రాయాలి. ఆ నడుము నాకెందుకు వంగదని కడుపుమంటగా ఉండేది. నిజం చెప్పడానికి ఇప్పుడు మొహమాటమెందుకు, కుళ్లిపోయాను.

నా జేబులోనూ ఒక కార్డు ఉండేది. అది నా భార్య స్కూలు జీతం చూసి బ్యాంకు ఆమెకిచ్చిన కార్డుకు తోకగా నాకిచ్చింది. అంతకు చాలా ఏళ్ల ముందు నా పేరు మీద ఒకటి కావాలని బ్యాంకుకు వెళ్తే, కౌంటర్లో ఆయన ఏం చేస్తారని అడిగాడు. సినిమా అన్నాను. నా కాగితాలు మళ్లీ నా వైపే జరిపి, "సినిమా వాళ్లకు కష్టం సార్" అన్నాడు. ఆయన మొహంలో ఎగతాళి కూడా లేదు. ఉండి ఉంటే నాలుగు తిట్టి వచ్చేవాణ్ని, అక్కడితో మర్చిపోయేవాణ్ని.

తర్వాత వరసగా రెండు సినిమాలు ఆడాయి. పోస్టరు మీద నా పేరు కాస్త పెద్దదైంది. అప్పుడొచ్చింది ఫోను. "సార్, మా ప్రీమియం కార్డుకు మిమ్మల్ని ఇన్వైట్ చేస్తున్నాం" అంది అవతలి ఆమె. ఇన్వైట్ అన్న మాటకే పడిపోయాను. రెండు రోజుల తర్వాత ఆమె ఫిల్మ్‌నగర్‌లో మా కంపెనీ ఆఫీసుకు వచ్చి, నా కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది.

"ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్‌గా ఉంది సార్. ఇన్‌కమ్‌తో ప్రాబ్లం లేదు. అడ్రస్ ఒక్కటే కొంచెం..." అని ఆగింది.

మోతీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. పెళ్లయినప్పట్నుంచీ అక్కడే.

"ఇటువైపు మీకు వేరే రెసిడెన్స్ ఏమైనా ఉందా సార్?" అని అడిగింది.

ఉందన్నాను. ఆమె తప్పేం లేదు. ఆమె అడిగింది, నేను ఉందన్నాను, అంతే.

మా దగ్గర కథలు ఆఫీసుల్లో తయారుకావు. నిర్మాత ఎక్కడో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుంటాడు. దాన్ని సిట్టింగ్ ఫ్లాటు అంటాం. రచయితలు నెలల తరబడి అక్కడే తింటారు, వాదించుకుంటారు, పరుపుల మీద పడి కునుకు తీస్తారు. అప్పుడు మా సిట్టింగ్ ఫ్లాటు జూబ్లీహిల్స్‌లో ఒక ఐదంతస్తుల బిల్డింగులో, మూడో అంతస్తులో ఉండేది. నా లుంగీ, నా పళ్ల బ్రష్షు, నా షుగరు మాత్రలు అక్కడే. అందుకని అక్కడ ఉంటున్నాననడం పూర్తి అబద్ధం కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మాటలు రాసేవాడికి అదెంతసేపు పని. నేనక్కడే ఉంటున్నానని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసుకెళ్తే, మా మేనేజరు చదవకుండానే సంతకం పెట్టాడు. ఇక మిగిలింది ఒక్కటే. బ్యాంకు తరఫున ఒక మనిషి వచ్చి, నేను నిజంగా అక్కడ ఉంటున్నానా లేదా అని కింద ఎవరినైనా అడిగి వెళ్తాడు.

కింద ఉండేది వాచ్‌మన్. పాలమూరు వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. సెల్లారులో మెట్ల కింద గదిలో ఉండేవాడు. ఆయన భార్య అదే బిల్డింగులో మూడిళ్లలో పనిచేసేది. కూతురు షేక్‌పేటలో పదో తరగతి. నేను అన్నా అనేవాణ్ని, ఆయన సారూ అనేవాడు. నేను పుట్టి పెరిగింది ఎర్రగడ్డలో. పైన చర్చల్లో 'ఏంటండీ' అని మాట్లాడి మాట్లాడి నోరు నొప్పెట్టినప్పుడు కిందికి దిగి ఆయన పక్కన కుర్చీలో కూర్చుని 'ఏందన్నా' అనేవాణ్ని. ప్రాణం లేచివచ్చేది.

ఆ మనిషికే డైలాగు రాసిచ్చాను. సీన్ పేపరు వెనకవైపు, గుండ్రటి అక్షరాలతో: "సార్ మూడో అంతస్తులో ఉంటారండి. రెండేళ్ల నుంచి ఉంటున్నారండి. చాలా మంచి మనిషండి."

మూడో వాక్యం బ్యాంకు వాళ్లకు అక్కర్లేదు. నా మీద నాకున్న ప్రేమకొద్దీ రాశాను.

ఆయన కాగితం చదివి నవ్వాడు. "గిట్ల మేం మాట్లాడం గద సారూ. 'మీదుంటడు' అంటె సాలదా?"

"చాలదన్నా. జూబ్లీహిల్స్ అంటే జర మర్యాద ఉండాలె," అన్నాను.

నాకా పిచ్చి ఉంది. నటుడు నా మాటలో ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోను. ఆయన చేత నాలుగుసార్లు చెప్పించాను. 'ఉంటారండి' దగ్గర ఆయన నాలుక తడబడుతుంటే సినిమాలో చిన్న వేషగాణ్ని విసుక్కున్నట్టు విసుక్కున్నాను కూడా. పాపం, ఏమీ అనుకోకుండా మళ్లీ చెప్పాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "మీరు మనోళ్లు సారూ," అన్నాడు.

బ్యాంకు మనిషి వచ్చి వెళ్లాడు. ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పానని వాచ్‌మన్ నాకు సంబరంగా చెప్పాడు.

కార్డు వచ్చిన రోజు మధ్యాహ్నం నేను ఫ్లాటులోనే ఉన్నాను. కొరియర్ మనిషి గేటు దగ్గర నా పేరు చెప్పి, మూడో అంతస్తులో కాపురముండే సారెవరని గట్టిగా అడిగాడట. బిల్డింగు ఓనరు అక్కడే నిలబడి ఉన్నాడు. బిల్డింగు మొత్తం ఆయనదే, ఐదో అంతస్తులో ఉంటాడు. పూర్వం ఎవరో అద్దెకు దిగి, ఆ అడ్రసు మీద అన్ని ప్రూఫులూ పుట్టించుకుని, ఖాళీ చేయకుండా ఆయన్ని కోర్టు చుట్టూ తిప్పారు. అప్పట్నుంచీ ఆయన మా కంపెనీకి పెట్టిన మొదటి షరతే, ఎవరూ ఈ అడ్రసు వాడకూడదని. ఆ షరతు నాకు తెలుసు.

నేను కిందికి దిగి, సంతకం పెట్టి, నల్లటి పెట్టె చేతిలోకి తీసుకున్నాక ఆయన అడిగాడు. "రైటర్ గారూ, మీరిక్కడ కాపురముంటున్నారని బ్యాంకు వాళ్లకు ఎవరు చెప్పారండీ?"

"నాకు తెలీదండీ. కంపెనీ వాళ్లెవరైనా ఇచ్చుంటారు," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆయన వాచ్‌మన్ వైపు తిరిగాడు. "ఎవరైనా వచ్చి అడిగారా నిన్ను? ఏం చెప్పావు?"

వాచ్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను నేర్పినట్టే నిటారుగా. "సార్ మూడో అంతస్తులో ఉంటారండి," అన్నాడు. "రెండేళ్ల నుంచి ఉంటున్నారండి. చాలా మంచి మనిషండి."

ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఈ మాటలెవరు నేర్పారు నీకు? ఎంత తీసుకున్నావు?" అన్నాడు ఓనరు.

వాచ్‌మన్ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను చేతిలో పెట్టె వైపు చూశాను. ఒక్క మాట చాలు, నేనే చెప్పమన్నానండీ అని. చెబితే కార్డు పోతుంది, నిర్మాతకు తెలుస్తుంది, డైరెక్టరు నవ్వుకుంటాడు. ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి. నేను మాట్లాడనని తెలిశాక ఆయన తల దించుకున్నాడు. "ఎవలు నేర్పలే సార్. నేనే చెప్పిన," అన్నాడు. నేను లిఫ్టు ఎక్కి పైకి వెళ్లిపోయాను.

సాయంత్రం ఇంట్లో నా భార్య పెట్టె విప్పి చూసింది. కార్డు పక్కన పెట్టి, లోపలి కాగితం మీద అడ్రసు చదివింది.

"మీరు జూబ్లీహిల్స్‌ల ఉంటున్నరట," అంది. "మరి నేనెవలింట్ల ఉంటున్న?"

నేను నవ్వులాటగా తీసుకోబోయాను. ఆమె నవ్వలేదు. జరిగిందంతా చెప్పక తప్పలేదు. విన్నాక కార్డు నా ముందుకు తోసింది. "గిప్పుడే పోయి ఆ ఓనరుకు చెప్పుండ్రి. వాళ్ల గది గూడ ఆయన చేతులనే ఉంటది," అంది. పొద్దున హీరోకు కథ వినిపించాలి, అది కాగానే చెప్తానన్నాను. కథ వినిపించడం ఒక రోజనుకుంటే రెండు రోజులైంది. మూడో రోజు నేను వెళ్లేసరికి గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న కొత్త మనిషి, నా పేరూ, ఎవరి కోసం వచ్చాననీ రాయమని పుస్తకం చాపాడు. మెట్ల కింద గదికి తాళం వేసి ఉంది. గోడకు ఆయన కూతురి టైం టేబులు అలాగే అంటించి ఉండటం కిటికీలోంచి కనపడింది.

ఫోను చేస్తే ఎత్తలేదు. అప్పుడైనా ఐదో అంతస్తుకు వెళ్లాలి కదా. ఇక మనిషే లేనప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేనే అనుకుని, ఫ్లాటులోకి వెళ్లి సీను రాసుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. అసహ్యంతోనే సీను పూర్తిచేశాను.

ఇరవై రోజుల తర్వాత ఆయనే ఫోను చేశాడు. షేక్‌పేటలో బామ్మర్ది ఇంట్లో, ఒక్క గదిలో ఆరుగురు సర్దుకుంటున్నారట. నా తప్పు గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో పని దొరికేలా ఉందట. పాత చోట తెలిసిన మనిషెవరైనా హామీ చెప్పాలట.

"ఓనర్ సార్‌ను అడగలేను. మీ నంబరిచ్చిన సారూ. మీరు గాడ ఉంటరని బ్యాంకోళ్లే ఒప్పుకున్నరు గద, మీ మాటకు విలువుంటది. రెండే మాటలు సారూ. ఆరేండ్లు పనిచేసిండు, మంచోడు. గంతే చెప్పుండ్రి."

తప్పకుండా చెప్తానన్నాను. క్షమించమని అడగబోతే, "జర యాదిపెట్టుకోండ్రి సారూ, రెండే మాటలు," అని పెట్టేశాడు.

ఏజెన్సీ నుంచి ఫోను వచ్చినప్పుడు మేం హోటల్లో ఉన్నాం. అప్పుడే నా కార్డు ట్రేలో వేశాను. టంగుమంది. వెయిటరు వంగాడో లేదో చూసుకునేలోపు ఫోను మోగింది. వరండాలోకి వెళ్లాను. అవతలి మనిషి యంత్రంలా చదువుకుంటూ పోయాడు. మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్నేళ్లు పనిచేశాడు, ప్రవర్తన ఎలా ఉండేది, దొంగతనాలు, అబద్ధాలు లాంటివేమైనా ఉన్నాయా.

ఆరేళ్లు, మంచివాడు అని ఊరుకోవాల్సింది. వాచ్‌మన్ నన్నడిగింది అంతే. కానీ ఇన్నాళ్లూ లోపల కుళ్లుతున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. పైగా నాలోని రచయిత ఊరుకుంటాడా.

"ఆయన జీవితంలో ఒకే ఒక్క అబద్ధం చెప్పాడండీ. అది నాది. నేను రాసిచ్చాను. నా కోసం ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయన కాలి గోటికి నేను చాలను," అన్నాను. చెప్పాక గుండెల మీంచి బండ దిగినట్టయింది. సిగ్గుచేటు ఏమిటంటే, డైలాగు బాగా వచ్చిందని కూడా అనిపించింది.

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "అంటే సార్, అబద్ధం చెప్పినందుకు తీసేశారన్నమాట. ఓకే సార్, థాంక్యూ."

అలా కాదండీ అనేలోపు కట్ అయింది. తిరిగి చేస్తే, ఆ నంబరుకు ఫోన్లు వెళ్లవని రికార్డు గొంతు చెప్పింది.

ఆ సాయంత్రమే ఐదో అంతస్తుకు వెళ్లి ఓనరుకు మొత్తం చెప్పాను. ఆయన టీ తెప్పించి, అంతా విన్నాడు. "ఆ రోజే చెప్పి ఉండాల్సింది రైటర్ గారూ. ఇప్పుడు కొత్తవాళ్లతో అగ్రిమెంటు అయిపోయింది," అన్నాడు. ఏజెన్సీకి ఒక్క ఫోను చేయమని బతిమాలాను. ఆయన, టీ చల్లారిపోతోందన్నాడు.

నాలుగు రోజులకు వాచ్‌మన్ ఫోను వచ్చింది.

"వాళ్లు తీసుకోలే సారూ," అన్నాడు. "అబద్దాలు చెప్పెటోనికి పనియ్యరంట. మీరేం చెప్పిండ్రు సారూ?"

నిజమే చెప్పానన్నాను. అంతా నా తప్పేనని కూడా చెప్పానన్నాను. అటువైపు నుంచి షేక్‌పేట రోడ్డు మీద హారన్లు వినపడ్డాయి.

"నేనైతే మీరు రాసిచ్చిందే చెప్పిన సారూ," అన్నాడు.