గేర్‌బాక్సు రెండోసారి దించిన రోజు

మా బావ కారులో డ్రైవరు సీటు మా బావదే. ఇంకెవరూ అందులో కూర్చోకూడదు. సేలం దగ్గరి మా ధర్మపురి చుట్టుపక్కల బాడుగ బండ్లు నడిపే పాతకాపులకు ఈ పట్టింపు ఉంది. ఒకే చెయ్యి మీద నడిచిన బండి మాట వింటుంది, చెయ్యి మారితే చెడుతుంది అంటారు. మా బావ ఈ విషయంలో అందరికంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు. మెకానిక్కుకు ఇస్తే వాడు ఒక చుట్టు తిప్పి చూస్తాడు గదా, అందుకని మెకానిక్కుకే ఇవ్వడు. ఆయిలు మార్చడం, బ్రేకులు బిగించడం, అన్నీ ఇంటి ముందు రేకుల నీడలో తనే చేసుకునేవాడు.

అలాంటి మనిషి పోయిన ఎండాకాలం నన్ను పిలిపించి, గేర్లు పడటం లేదు, బాక్సు దించాలి అన్నాడు.

నేను కట్టడాల దగ్గర ఇనుప కమ్మీలు కట్టేవాణ్ణి. కమ్మీలు తెచ్చే వ్యాను తోలడం తెలుసు, నట్టూ బోల్టూ తెలుసు, అంతకుమించి ఏమీ తెలియదు. అయినా అక్క మొగుడు, కాదంటే అక్క మొహం ఎట్లా చూసేది?

"నువ్వే దించొచ్చు గదా బావా" అన్నాను.

"నడుము పట్టేసినాదిరా. నేను చెప్తా ఉంటా, నువ్వు కింద పండుకొని విప్పు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అంటే తిట్టేది నువ్వు, మట్టి నాకా" అన్నాను.

"బామ్మర్దికి ఇంకేమి ఇస్తార్రా" అని నవ్వాడు. అప్పటికింకా నవ్వేవాడు.

ఆ కారు ఆయనకు కూడు పెట్టేది మాత్రమే కాదు. వెల్లిచందై వైపు పల్లెల్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి గుండె పట్టేసినా ఫోను ఆయనకే వచ్చేది. సేలం ఆస్పత్రికి పోవాలంటే తొప్పూరు ఘాటు రోడ్డున కొండ దిగాలి. ఆ లారీల మధ్య నిండు చూలాలిని కుదుపు లేకుండా దించగలిగేది తనొక్కడే అని ఆయన నమ్మకం. ఊళ్ళ నమ్మకం కూడా అదే. ఇప్పుడేమో గేరు మార్చబోతే కరకరమంటోంది. ఎవరో ముసలాయనను తీసుకుపోతుంటే ఘాటులో సెకండు గేరు పడక ప్రాణం పోయినంత పనయిందట.

"ఇది బాగు కాకుంటే నేనుండీ దండగరా" అన్నాడు. ఇనుప ముక్క కోసం ఎంత మాట అంటున్నాడు అని నేను విసుక్కున్నాను.

బండిని ఎత్తి కింద మొద్దులు పెట్టాం. బావ స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. గేరాయిలు తీశాను. వెనక చక్రాలకు పోయే షాఫ్టు విప్పాను. బాక్సు ఇంజనుతో కలిసే చోట బోల్టులు తుప్పు పట్టి ఒక పట్టాన కదల్లేదు. బాక్సు ఊడి నా రొమ్ము మీదికి వచ్చినప్పుడు మా అక్క పొయ్యి మీది చారు వదిలేసి పరుగెత్తుకొచ్చి ఇంకో పక్క పట్టుకుంది. గోనెపట్టా మీద పెట్టి విప్పితే, లోపల గేర్ల పళ్ళన్నీ నున్నగా మెరుస్తున్నాయి. ఒక్కటీ విరగలేదు. గేరు నెమ్మదిగా కలవడానికి ఇత్తడి రింగులు ఉంటాయి. అవే అరిగి ఉంటాయని బావ అన్నాడు. నా కంటికి అరిగినట్టు కనపడలేదు. అయినా కొత్తవి తెచ్చి వేశాం. క్లచ్చి ప్లేటు కూడా మార్చాం. క్లచ్చి కేబులు అప్పటికే కొత్తది.

మళ్ళీ ఎక్కించి బిగించేసరికి నా చేతులు నావి కావు అనిపించింది. అక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పని అయినాక బండిని మొదట కదిలించాల్సింది యజమానే గదా. బావ ఎక్కాడు. గేరు వేశాడు.

కర్రుమంది.

"రింగు సరిగ్గా కూర్చోబెట్టలేదు నువ్వు" అన్నాడు.

"నువ్వు చెప్పినట్టే పెట్టినాను. ఒకవేళ పార్టే మంచిది కాదేమో."

"ఆడలేనోడు మద్దెల ఓడన్నట్టు, పని రాక పార్టు మీద చెప్తా ఉండావు."

మాటా మాటా పెరిగింది. నేను అన్నం తినకుండా ఇంటికి పోయాను. మర్నాడు అక్క ఫోను చేసి ఏడ్చింది. తిట్టుకుంటూనే వచ్చి మళ్ళీ దించాను. ఈసారి ప్రతి పన్నూ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు. మళ్ళీ ఎక్కించాను. బావ కూర్చున్నాడు. మళ్ళీ అదే చప్పుడు. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఉండిపోయాడు.

మా అక్క అప్పటిదాకా గడపలో నిలబడి చూస్తోంది. దగ్గరకొచ్చి, "కొంచెం దిగండి. వాణ్ణి ఒకసారి వేసి చూడనీండి" అంది.

బావ అక్కను కొట్టేట్టు చూశాడు. అక్క కదల్లేదు. "దిగండి" అని మళ్ళీ అంది. తలుపు పట్టుకుని దిగాడు. దిగేటప్పుడు ఎడమకాలి చెప్పు లోపలే ఊడిపోయింది. అది ఊడినట్టు ఆయనకు తెలియలేదు. ఉత్త కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు పక్కకు జరిగాడు.

నేను కూర్చుని ఎడమకాలితో క్లచ్చి నిండా తొక్కాను. ఫస్టు వేశాను. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. వీధి చివరిదాకా పోయాను. సెకండు, థర్డు, రివర్సు, ఏదీ చప్పుడు చెయ్యలేదు. ఒక్కటన్నా కర్రుమనాలని, ఒక్క పన్నన్నా విరగాలని మొక్కుకున్నాను. వెనక్కి వచ్చి, ఇంకా పడటం లేదు బావా అని అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ ఆయన చెవికి ఎవరు అబద్ధం చెప్పగలరు? వీధిలో నిలబడి అన్నీ విన్నాడు.

కిటికీ దగ్గరకొచ్చాడు. "తప్పు బండిది కాదు గదా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.

"కొన్నాళ్ళుగా కాలు నా మాట వినడం లేదురా. క్లచ్చి నిండా తొక్కినానని అనుకుంటా. తొక్కడం లేదు గావల్ల."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను దిగబోతే బావ తలుపు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"దిగొద్దు. ఇంక నువ్వే" అన్నాడు. "సేలం పోనీ. కాలు చూపించాల."

చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అక్క వెనక ఎక్కింది. తొప్పూరులో ఘాటు మొదలయ్యే చోట, "సెకండు వేసుకో, బ్రేకు మీద నమ్మకం పెట్టుకోవద్దు" అని మెల్లగా చెప్పాడు. వేశాను. పక్కకు చూడకూడదనుకున్నాను కానీ కన్ను ఊరుకోలేదు. నేను గేరు మార్చిన ప్రతిసారీ మా బావ రెండు చేతులతో తన ఎడమ మోకాలిని కిందికి నొక్కుతున్నాడు.